బావ అడిగిన తాబేటి చిప్ప

అండమాన్
14 అక్టోబరు 1981

ఖాజావలి బావకు, మా అక్క ఖాదర్‌బీకి సుభాన్ సలాములు.

ఇక్కడ నేను బాగున్నాను. ‘నువ్వక్కడ చేసే ఉద్యోగమేమిటో ఒక్క ముక్కలో చెప్పు, ఊళ్లో అడిగిన వాళ్లకు చెప్పలేక చస్తున్నా’ అని రాశావు. ఒక్క ముక్కలో అయితే, తాబేళ్లకు కాపలా.

మన చెరువుల్లో తిరిగే బాపతు కాదు బావా. సముద్రపు తాబేళ్లు. మూతి చిలకముక్కులా వంగి ఉంటుంది. పైన చిప్ప తేనె రంగు. ఆ రంగే వాటి కొంప ముంచింది. దువ్వెనలకీ డబ్బీలకీ చిప్ప కావాలని జనం చంపి చంపి, ఇప్పుడు ఈ దీవికి ఏటా కొన్నే వచ్చి గుడ్లు పెడుతున్నాయి. అవి బొత్తిగా లేకుండా పోకముందే కాపాడాలని మద్రాసులో ఒక పరిశోధన సంఘం పెట్టారు. ఆ సంఘం తరఫున ఇక్కడున్న పెద్ద రాజమోహన్ సారు. ఆయన చదువుతాడు, రాస్తాడు, ఉపన్యాసం చెబుతాడు. నీళ్లంటే మాత్రం భయం. అందుకని పడవ నడిపేది, ఒడ్డున తిరిగేది నేను.

ఆడ తాబేలు ఒడ్డెక్కి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి పోతుంది. దాన్ని టేపుతో కొలుస్తాం, రెక్కలాంటి ముందుకాలికి నంబరు బిళ్ల తగిలిస్తాం. గుడ్లు తీసి కంచె వేసిన చోట పూడుస్తాం. రెండు నెలలకు పిల్లలొస్తే సముద్రంలో వదిలేస్తాం. ఇదీ నా ఉద్యోగం.

ఇక అసలు సంగతి. ఆత్మకూరు దస్తగిరి మామ కూతురు షరీఫా ఉంది కదా. పోయిన రంజానుకు వచ్చినప్పుడు చూశాను. నాకు ఆ అమ్మాయి తప్ప ఇంకొకరు వద్దు. మామతో నువ్వే మాట్లాడాలి. నీ నోటికి ఎదురు లేదని అందరికీ తెలుసు.

నీ బావమరిది,
సుభాన్


ఉదయగిరి
11 నవంబరు 1981

తాబేళ్ల మంత్రసాని సుభాన్ సాహెబు గారికి, గరిటెలు చెక్కి పొట్టపోసుకునే ఖాజావలి చేతులు కట్టుకుని రాసేది.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. గుడ్లు పూడ్చేదాకా బాగానే విన్నది. పిల్లల్ని సముద్రంలో వదిలేస్తామన్న చోట ‘ఆపు, మళ్లీ చదువు’ అంది. మళ్లీ చదివాను. ‘పెంచినోళ్లు అమ్ముకోవాల, లేదంటే కోసుకోవాల. వదిలేసేదానికి జీతమిచ్చే పిచ్చోడు ఎవడుండాడు? వీడు అండమాన్ జైల్లో పడినాడు. మనకు తెలీకుండా ఇట్టా కతలు రాస్తా ఉండాడు’ అని శోకాలు మొదలుపెట్టింది. నేనెంత చెప్పినా వినలేదు. గురువారం అనుమసముద్రంపేట దర్గాకు పోయి, నువ్వు త్వరగా విడుదల కావాలని ఫాతెహా ఇప్పించి వచ్చింది. ఇప్పుడు వీధిలో ఆడవాళ్లంతా ‘మీ తమ్ముడికి ఎన్నేళ్లు పడింది’ అని అడుగుతున్నారు.

ఆత్మకూరు పోయాను. దస్తగిరి సంగతి నీకు తెలుసు కదా, కాంట్రాక్టరు లారీ నడుపుతాడు, మాట తక్కువ. ‘కుర్రాడు మంచోడే, ఏం పని చేస్తాడు?’ అని అడిగాడు. నీ ఉత్తరంలో ఉన్నదే చెప్పాను. ఆయన నోరు తెరిచేలోపే లోపల్నుంచి ఆయన భార్య హసన్‌బీ అందుకుంది. ‘కోర్టు అమీనా దూరిన ఇల్లు, తాబేలు దూరిన ఇల్లు బాగుపడదంటారు. తాబేళ్లు మేపేవాణ్ణి అల్లుడిగా తెచ్చుకోమంటావా?’ అంది. మేపడు, వదిలేస్తాడు అన్నాను. ‘ఇంకా మేలు, పెళ్లాన్ని కూడా అట్టానే వదిలేస్తాడు’ అంది. టీ తాగి వచ్చేశాను. అయినా దస్తగిరి కాదనలేదు, అవుననలేదు. మళ్లీ మళ్లీ పోవాలి.

ఒక చిన్న మాట. మన చెక్క దువ్వెనలకు గిరాకీ పడిపోయింది. ప్లాస్టిక్‌వి వచ్చినాక సంతలో మనవైపు చూసే నాథుడు లేడు. మద్రాసు సేటు ఒకాయన, తాబేటి చిప్పతో దువ్వెనలు చేసిస్తే ఎన్నైనా తీసుకుంటానన్నాడు. మా నాయన ఆ పని చేసేవాడు. వేడినీళ్లలో చిప్ప మెత్తబరచడం నాకూ వచ్చు. అంత తాబేళ్ల సామ్రాజ్యం ఏలుతున్నావు. చచ్చిన దాని చిప్ప ఒకటి పంపరా. నమూనాకు ఒక్కటే.

మీ అక్క నీ విడుదల కోసం ఎదురు చూస్తోంది.

ఖాజావలి


అండమాన్
8 డిసెంబరు 1981

బావకు సుభాన్ సలాం.

అక్కతో ఒట్టేసి చెప్పు, నేను జైల్లో లేను. జైల్లో అయినా నీడ ఉంటుంది, ఇక్కడ అదీ లేదు.

చిప్ప పంపలేను బావా. నువ్వు నవ్వులాటకు అడిగావో నిజంగా అడిగావో తెలీదు కానీ, చట్టం ఒప్పదు. అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా తప్పే. దొంగల దగ్గర పట్టుకున్న చిప్పలు మా కొట్టు గదిలో పెట్టి తాళం వేశాం. ఆ తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ‘సుభాన్, ఇందులోంచి ఒక్క చిప్ప బయటికి పోయిందంటే, దాని వెనక వంద తాబేళ్లు చచ్చినట్టే. దువ్వెన చూసినవాడికి దువ్వెన కావాలనిపిస్తుంది’ అని రాజమోహన్ సారు వారానికోసారైనా చెబుతాడు. ఉపన్యాసమే అయినా, మాట నిజమనే అనిపిస్తుంది.

ఇక్కడ పని కూడా నువ్వనుకున్నంత సుఖం కాదు. గుడ్ల కోసం ఉడుములు కాచుకుని ఉంటాయి. మన కొండమీది ఉడుముకు నాలుగింతలు. ఒకటి కంచె కింద తవ్వి ఒక గుంట మొత్తం తినేసింది. తరమడమే తప్ప కొట్టకూడదు. దానికీ చట్టం ఉంది.

షరీఫా సంగతి వదలకు బావా. హసన్‌బీ అత్తతో, తాబేళ్లు నా ఇంట్లోకి రావని, నేనే వాటి ఇంటికి పోతానని చెప్పు.

సుభాన్


ఉదయగిరి
6 జనవరి 1982

చట్టం చదివిన సుభాన్‌కు చదువులేని బావ రాసేది.

ఉడుము వచ్చి గుడ్లు తింటే ఉడుమును కొట్టకూడదు. తాబేలు కళ్లెదుట చచ్చినా చిప్ప ముట్టకూడదు. మరి నిన్ను అక్కడ దేనికి పెట్టుకున్నట్టు? చూస్తూ కూర్చోడానికా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మీ నాయన నీ గురించి ఊరికే అనేవాడు కాదు. చిన్నప్పుడు కొండమీద నాతో కలిసి ఉడుము కూర లొట్టలేసుకుంటూ తిన్నది నువ్వేనా?

గదినిండా చిప్పలు పెట్టి తాళం వేశామని నువ్వే రాశావు. వాటినేం చేస్తారు? చచ్చిన తాబేలుకు తిరిగి తొడుగుతారా? చెదలు తిన్నా ఫరవాలేదు, పురుగు పట్టినా ఫరవాలేదు, సొంత అక్కమొగుడు నాలుగు దువ్వెనలు చెక్కుకుంటే మాత్రం సముద్రం ఎండిపోతుంది! పోనీలే. నేను చెక్కిన గరిటెతో మీ అక్క నీకు పెట్టిన బువ్వ కూడా చట్టానికి విరుద్ధమేమో, మీ సారును అడిగి రాయి.

నా సంగతి నేను చెబుతా విను. సంతకు పోయి సగం మూట తిరిగి మోసుకొస్తున్నా. నా చేతిలో ఉన్నది ఈ ఒక్క విద్యే. నాకు పని కావాలిరా, దానం కాదు.

కాబట్టి నాదీ ఒక చట్టం రాసుకో. చిప్ప వచ్చేదాకా నేను ఆత్మకూరు బస్సెక్కను. నువ్వు నాకు చిప్పంత కూడా పనికిరాకపోతే, నీ పెళ్లికి నేనెందుకు కాళ్లరిగేలా తిరగాలి?

ఇట్లు,
ఉడుము పట్టు పట్టిన
ఖాజావలి


అండమాన్
17 ఫిబ్రవరి 1982

బావకు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేనేదో నీకు బాకీ ఎగ్గొట్టినట్టు రాశావు. నువ్వు కష్టంలో ఉన్నావని నాకు తెలీదా? నా జీతంలోంచి ఏం కావాలన్నా అడుగు, పంపుతాను. గదిలోది మాత్రం నాది కాదు. నాది కానిదాన్ని నీకెట్టా ఇచ్చేది?

పోయిన వారం వేటగాళ్ల పడవ వచ్చింది. నేను కేకలేస్తూ పోయేసరికి ఒకడు తెడ్డుతో భుజం మీద కొట్టాడు. వాళ్లు పారిపోయారు. ఇసుకలో వెల్లకిలా తిప్పి పెట్టిన తాబేలు ఒకటి మిగిలింది. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని తిరగేశాం. అది మమ్మల్ని తిరిగి చూడకుండా నీళ్లలోకి పోయింది. కృతజ్ఞత లేని జంతువు. అయినా బావా, నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అడగొద్దు.

అలాంటి చిప్పే నేను నీకు పంపితే, వాడు నన్ను తెడ్డుతో కొట్టడం ఎందుకు? ఇద్దరం కలిసి వ్యాపారం చేసుకునేవాళ్లం కదా.

ఇవ్వను. షరీఫా సంగతి నువ్వు మాట్లాడకపోతే నేనే వచ్చి మాట్లాడుకుంటాను.

సుభాన్


ఉదయగిరి
16 మార్చి 1982

సుభాన్‌కు.

నువ్వొచ్చేసరికి ఆత్మకూరులో పందిరి కూడా పీకేస్తారు. అనుమసముద్రంపేట నుంచి షావలి అని ఒక బస్సు కండక్టరు షరీఫాను చూసి పోయాడు. ఖాకీ చొక్కా, భుజానికి తోలు సంచి, చేతిలో విజిల్. ఆయన ఊదితే బస్సు ఆగుతుంది, మళ్లీ ఊదితే పోతుంది. నువ్వు ఊదితే తాబేలు కూడా కదలదు. హసన్‌బీ అప్పుడే అల్లుడు గారూ అని పిలుస్తోందట. నెలలోపు ఖాయం చేసుకుంటారు.

నేను ఒక్కసారి పోయి నోరు విప్పితే ఆగుతుంది. విప్పాలా వద్దా అన్నది నీ చేతిలో ఉంది, నీ మొలతాడులో ఉంది.

ఖాజావలి


అండమాన్
10 ఏప్రిల్ 1982

బావా,

నువ్వే గెలిచావు. ఇదే ఓడలో పార్శిల్ పంపుతున్నాను. ఎండుగడ్డి చుట్టి, గోనెగుడ్డలో కుట్టాను. పైన కొబ్బరి బొండాలని రాశాను.

సారుకు చెప్పలేదు. తాళం నా దగ్గరే ఉంది కనుక తియ్యడం కష్టం కాలేదు. అంత తేలిక అవుతుందని అనుకోలేదు.

ఆత్మకూరు పోయి మాట్లాడు. ఇంకేం రాయను.

సుభాన్


ఉదయగిరి
14 ఏప్రిల్ 1982

మా ఇంటి దీపం, తాబేళ్ల పాలిటి దేవుడు, నిఖార్సైన మగాడు సుభాన్ మియాకు బావ ఖాజావలి గుండెలకు హత్తుకుని రాసేది.

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

నిన్న గరిటెల మూటతో ఆత్మకూరు పోయాను. బస్టాండు దగ్గర దస్తగిరి లారీ ఆపి, ‘ఏంది ఖాజావలీ, మొహం చాటేసినావు? ఇంటికి రా’ అని తీసుకుపోయాడు. హసన్‌బీ కూడా ఇంట్లోనే ఉంది. నీ మీద కోపం నాకింకా తగ్గలేదు కదా, నీ పరువు తీద్దామని జేబులోంచి నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి చదివాను. సొంత బావకు ఒక్క చిప్ప ఇవ్వని పిసినారిని చూడండి అని, నీ గొంతు అనుకరిస్తూ మరీ చదివాను. దస్తగిరి నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వుతున్నాను.

చదవడం అయిపోయింది. తెర వెనక కుట్టుమిషను ఆగింది. షరీఫా బయటికి వచ్చింది. నా వైపు చూడలేదు, వాళ్ల నాయనతో చెప్పింది. ‘నాయనా, లారీలోనుంచి రెండు మూటల సిమెంటు దించి పొమ్మని నిన్ను ఎంతమంది అడిగినారు? మేనమామ కూడా అడిగినాడు గదా. నువ్వు దించలేదని చుట్టాలంతా మన ఇంటికి రావడం మానుకున్నారు. ఈ మనిషీ నీ మాదిరే ఉండాడు. బావ అడిగినా ఇయ్యలేదు, తెడ్డుతో కొట్టినా ఇయ్యలేదు. చేసుకుంటే ఇట్టాంటోణ్ణే చేసుకుంటా’ అంది. మళ్లీ లోపలికి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

దస్తగిరి గడ్డం గోక్కుని, ‘పిల్లే చెప్పినాక నేనేం చెప్పేది? సుభాన్‌ను రమ్మను’ అన్నాడు. హసన్‌బీ మాత్రం ‘ఇంట్లోకి తాబేటిని తీసుకురానని రాసిమ్మను’ అంది.

కండక్టరు సంగతంటావా? షావలి ఉన్న మాట నిజం, విజిల్ ఉన్న మాట నిజం. ఆయనకు ముగ్గురు పిల్లలు. నిన్ను భయపెట్టడానికి రాశాను. తిట్టుకో. నువ్వు నా మాట వినకపోవడమే మంచిదైంది. జన్మలో మొదటిసారి నేను ఓడిపోయినందుకు సంతోషిస్తున్నాను. సేటుకు రాదని చెప్పేశాను. ఇక చిప్ప మాట ఎత్తితే నన్ను చెప్పుతో కొట్టు.

మీ అక్క నువ్వు విడుదలైనట్టే అనుకుంటోంది.

నీ బావ,
ఖాజావలి


ఉదయగిరి
5 మే 1982

సుభాన్‌కు.

నీ ఏప్రిల్ ఉత్తరం అందింది. అందులో ఏదో పార్శిల్ పంపినట్టు రాశావు. అలాంటిదేమీ ఇక్కడికి రాలేదు. ఓడలో ఎవరో కొట్టేసి ఉంటారు. కొబ్బరి బొండాలని రాశావుగా, దాహమేసి ఎవడో విప్పి ఉంటాడు. పోయిందే మంచిది. నువ్వు ఏమీ పంపలేదు, నాకు ఏమీ అందలేదు. నేను రాసింది అర్థమైందా? నికాకు ఎప్పుడొస్తావో రాయి.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. అలాంటి సరుకును ఎండుగడ్డిలో చుడతారట్రా ఎవరైనా? రంపపుపొట్టు దట్టంగా కూరాలి. కుడిపక్క అంచు రేకు బీటేసింది. ఆ రేకులోనే నల్లచార మొదలై తేనెలో కలిసిపోతుంది, ఎంత అందమనుకున్నావు! ఎండలోకి పట్టుకుంటే అవతలి నా వేళ్లు కనబడ్డాయి. మా నాయన కూడా అలాంటి దాని మీద పని చేసి ఉండడు.

పార్శిల్ అందలేదు. మళ్లీ చెబుతున్నా.

ఖాజావలి


అండమాన్
3 జూన్ 1982

బావా,

సముద్రం బాగాలేక ఓడలు ఆగిపోయి, నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. ముందు ఏప్రిల్‌ది విప్పాను. చదివి ఇసుకలో కూలబడ్డాను. తర్వాత మే నెలది విప్పాను.

అందని పార్శిల్లో బీటేసిన రేకు నీకు ఎట్టా కనబడింది బావా? నువ్వు అబద్ధం చెప్పడానికి పుట్టావు కానీ, సరుకు గురించి అబద్ధం చెప్పడం నీ వల్ల కాలేదు.

నువ్వు నా కోసమే దాచావని తెలుసు. దాచొద్దు. ఇవ్వననే మనిషి కావాలని ఆ పిల్ల అన్న పూటకు మూడు రోజుల ముందే నేను ఇచ్చేశాను. ఆమె ఒప్పుకున్నది నన్ను కాదు, నా ఫిబ్రవరి ఉత్తరాన్ని. ఆ ఉత్తరం రాసినవాడు ఏప్రిల్లో లేడు. ఈ సంగతి దాచి నికా చేసుకుంటే, రోజూ ఆమె నా మొహం చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

నువ్వు పోయి షరీఫాకు చెప్పు. ఏదీ తగ్గించకు, నీ తప్పని మీదేసుకోకు. కాదంటే కాదననీ.

సుభాన్


ఉదయగిరి
1 జూలై 1982

సుభాన్‌కు బావ రాసేది.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది నీతో చుట్టరికం. హాయిగా మునిగిన సంగతిని నువ్వే జుట్టు పట్టి పైకి లాగావు. చెప్పను పొమ్మని మూడు రోజులు భీష్మించుకు కూర్చున్నాను. మీ అక్క చెప్పి తీరాల్సిందే అంది. చిప్పను పాతచీరలో చుట్టి తనే సంకన పెట్టుకుని నా వెంట బస్సెక్కింది.

షరీఫాకు అంతా చెప్పాను. కండక్టరు అబద్ధం కూడా చెప్పాను, అది నా వాటా కనుక. ఆ పిల్ల పాతచీర మూట విప్పి చిప్పను ఒళ్లో పెట్టుకుంది. బీటేసిన రేకును వేళ్లతో తడిమి చూసింది. హసన్‌బీ గడపలోనే నిలబడి ‘తాబేలు ఇంట్లోకి దూరనే దూరింది, నేను ముందే చెప్పినాను గదా’ అని గొణిగింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత షరీఫా అడిగింది, ‘ఈ సంగతి చెప్పమన్నది ఎవరు? మీరా, ఆయనా?’ అని. నీ జూన్ ఉత్తరం చేతికిచ్చాను. ఈసారి గొంతు అనుకరించే ధైర్యం నాకు లేదు. చదువుకుని, ‘యాడ నుంచి తీసినాడో ఆడే పెట్టాల. ఆ సారుకు తన నోటితోనే చెప్పాల. అది అయినాక రమ్మనండి’ అంది. కోపమా, ప్రేమా, నాకు అంతుపట్టలేదు.

చిప్పను తిరిగి పంపుతున్నాను. రంపపుపొట్టు కూరి, మీ అక్క కుట్టింది. కుడుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. నిజం చెబుతున్నా సుభాన్, పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు ఏడుపొచ్చింది. అంత సరుకు చేతికొచ్చి, ఆకురాయి ఒక్కసారి కూడా తగిలించకుండా వదిలాను. ఈ తాబేలు బతికున్నప్పుడు ఇంత సముద్రం ఈది ఉండదు.

ఖాజావలి


అండమాన్
22 ఆగస్టు 1982

బావకు, అక్కకు సలాములు.

పార్శిల్ వచ్చింది. అదే రోజు సారు దగ్గరికి తీసుకుపోయి, ఎప్పుడు తీసిందీ ఎందుకు తీసిందీ చెప్పేశాను. పోలీసులకు అప్పగిస్తాడని బట్టలు కూడా సర్దుకున్నాను. సారు కళ్లద్దాలు తుడుచుకుని, ‘తెచ్చావుగా, కొట్లో పెట్టెయ్’ అన్నాడు. అంతే. వారం వారం విన్న ఉపన్యాసం ఆ రోజు వినబడలేదు. నాకే వెలితిగా అనిపించింది.

నాలుగు రోజులకు ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. మా సంఘానికి డబ్బు ఇప్పించే కమిటీలో ఉన్నాడట. తాబేళ్లు అంతరించిపోతున్నాయని భోజనాల దగ్గర కంటతడి పెట్టాడు. కొట్టు గది చూపించమన్నాడు. తాళం తీశాను. అన్నిట్లోకీ మనదే మెరుస్తోంది, నువ్వు నూనె పెట్టి తుడిచావేమో. వేలితో టకటకా కొట్టి చూసి, ‘నా డ్రాయింగ్ రూములో గోడకు బాగుంటుంది’ అన్నాడు. సారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘సుభాన్, ప్యాక్ చెయ్’ అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఇంతకన్నా సిగ్గుపడతాడు.

నాకు ఏమైందో తెలీదు బావా. వాకిలికి అడ్డం నిలబడ్డాను. ‘సార్, దీన్ని ఒకసారి నేను దొంగతనం చేశాను. మా బావ ఇంటికి పంపాను. నా పెళ్లి ఆగిపోయేంత పనైంది. వెనక్కి తెప్పించి ఇక్కడ పెట్టాను. ఇప్పుడు అయ్యగారు తీసుకుంటే రెండో దొంగతనం అవుతుంది. మొదటి దొంగకు జైలెందుకు పడలేదని ఎవరైనా అడిగితే నా పేరూ అయ్యగారి పేరూ రెండూ చెప్పాలి’ అన్నాను. నా హిందీ నీకు తెలుసు కదా, గట్టిగా మాట్లాడితే తప్ప రాదు. వంటవాళ్లూ పడవవాళ్లూ అందరూ విన్నారు.

పెద్దమనిషి చిప్పను కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. మధ్యాహ్నం పడవకే పోయాడు.

చిప్ప కొట్లోనే ఉంది. తాళంచెవి మాత్రం సారు తీసుకున్నాడు. నన్ను దక్షిణాన చిట్టచివరి దీవికి మార్చారు. అక్కడ ఒక గుడిసె, ఒక బావి. తాబేళ్లు ఇక్కడికన్నా ఎక్కువ వస్తాయట. పడవ రెండు నెలలకోసారి. సారు దాన్ని ప్రమోషన్ అన్నాడు.

షరీఫా చెప్పినట్టే చేశాను. ఇవ్వననే మనిషికి దొరికేది ఇదీ అని ఆమెకు చెప్పు. ఆ గుడిసె సంగతి, ఆ పడవ సంగతి ఏదీ దాచకు. ఆత్మకూరులో మిషను తొక్కుకుంటూ హాయిగా ఉన్న పిల్లను అక్కడికి రమ్మని అడిగే నోరు నాకు లేదు. వద్దంటే నేను తప్పు పట్టను.

సుభాన్


ఉదయగిరి
19 సెప్టెంబరు 1982

చిట్టచివరి దీవికి సుల్తాను సుభాన్‌కు, బావ రాసేది.

నీ ఉత్తరం చదివి మీ అక్క మొదటిసారి నీ గురించి గర్వంగా మాట్లాడింది. ‘ఇప్పుడు నిజంగానే జైల్లో పడినాడు, కానీ పరువుగా పడినాడు’ అంది. ఢిల్లీ పెద్దమనిషి చేతులు తుడుచుకున్న చోటు నాతో నాలుగుసార్లు చదివించుకుంది.

ఆత్మకూరు పోయాను. ఏదీ దాచలేదు. గుడిసె ఒకటే అన్నాను, బావి నీళ్లు ఉప్పగా ఉండొచ్చన్నాను, పడవ రెండు నెలలకోసారన్నాను. జ్వరమొస్తే డాక్టరు లేడని నా సొంతంగా కూడా ఒకటి కలిపాను. దస్తగిరి ఒప్పుకోడనే అనుకున్నాను. ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, లారీ దగ్గరికి పోయాడు. హసన్‌బీ ఏడ్చింది. ‘పిల్లను సముద్రంలో వదిలేసే దానికా ఇన్నేళ్లు పెంచింది’ అంది. ఆమెను నేను తప్పు పట్టను. నాకూ అదే బాధ.

షరీఫా మిషను మీద నుంచి లేవకుండానే విన్నది. చివరికి దారం తుంచి, నీకు ఒక ప్రశ్న రాయమంది. ‘ఆ దీవిలో తాబేళ్లకేనా చోటు, మనుషులక్కూడానా?’

నువ్వే జవాబు రాయి. నన్ను అడిగితే నీ పరువు తీస్తాను.

నీ బావ,
ఖాజావలి